గవర్రాజు గారి పలువరుస

జూనియర్ డాక్టర్ శశిభూషణ్‌కి ఒక బూజు లొంగడం లేదు.

క్యాన్సర్ వార్డులో గవర్రాజు గారి నోట్లో చేరిన ఫంగస్ బూజు అది. కీమో మందులతో ఒంట్లో నిరోధక శక్తి తగ్గితే ఇలాంటివి పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. నాలుక మీద తెల్లటి పొర, ముద్ద పెడితే మంట. గంజి కూడా దిగడం లేదు. నోరు మానితే గానీ తర్వాతి కీమో ఎక్కించరు. ఆలస్యమైన కొద్దీ అసలు జబ్బుకు సందు దొరుకుతుంది.

శశిభూషణ్ చుక్కల మందు వేయించాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఇక నరానికి ఎక్కించే గట్టి మందే గతి అని తేల్చుకుని, పెద్ద డాక్టరు పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళి, బూజుల గురించి తను చదివిందంతా వినిపించాడు. గురువుగారు బుద్ధిగా విన్నారు.

"ఆయన పళ్ళు తీయించి చూశావా?" అన్నారు చివర్లో.

పైపళ్ళు కట్టుడువని శశిభూషణ్‌కి తెలుసు. అడిగాడు కూడా. కానీ గవర్రాజు గారు ఒకప్పుడు పెళ్ళి బ్యాండుకు మాస్టరుగా ముందు నడిచిన మనిషి. జుట్టు పోయింది, మీసం పోయింది, ఇక పళ్ళు కూడానా బాబూ అన్నారు. రాత్రిళ్ళు కూడా తీయరు. భార్య కనకరత్నం గారికే ఇంతవరకూ ఆ దర్శనం కాలేదు.

"మొండి మనిషండీ," అన్నాడు శశిభూషణ్.

ఇద్దరూ వార్డుకు వెళ్ళారు. పరాంకుశం గారు గవర్రాజు గారిని ఏమీ అడగలేదు. తలుపు పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కుని, మాస్కు కిందికి లాగి, తన పైపలువరుస ఊడదీసి అక్కడున్న గిన్నెలో పెట్టారు. ఆయన గొంతు వింటేనే వార్డంతా సర్దుకుని నిలబడుతుంది. అలాంటి మనిషి పసిపిల్లాడిలా బోసిగా నవ్వారు.

శశిభూషణ్ నోరు తెరిచాడు. మూయడం మర్చిపోయాడు.

"ఎప్పట్నించి డాక్టరు గారూ?" అన్నారు గవర్రాజు గారు.

"మీకంటే సీనియర్నే." మాట కన్నా గాలే ఎక్కువ వచ్చింది.

గవర్రాజు గారికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే సిగ్గుపడుతూ తన పళ్ళు తీసి నర్సు చేతిలో పెట్టారు. పెళ్ళిచూపుల్లో కూడా ఈయన ఇంత సిగ్గుపడలేదంటూ కనకరత్నం గారు నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది. పళ్ళు ఆనినంత మేరా ఎరుపే. బూజు కాపురం అక్కడ.

పళ్ళకు మందునీళ్ళలో స్నానం, రాత్రిళ్ళు సెలవు. అంగిలికి పాత చుక్కలే. గట్టి మందు అవసరం పడలేదు. గవర్రాజు గారు పెరుగన్నం తిని మరీ కీమోకి వెళ్ళారు.

ఆ రోజు శశిభూషణ్ ఉండబట్టలేక అడిగాడు.

"నా పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి కదండీ. ఇలాంటివాళ్ళ ముందు నేనేం తియ్యాలి?"

గురువుగారు మాస్కు సవరించుకున్నారు.

"నువ్వూ ఏదో ఒకటి దాచుకునే ఉంటావుగా. వెతుక్కో."