మైలయ్య కొన్న గడియారం

ఎర్రకొండ కింద జంతువులన్నిటికీ ఒకటే సంత, బుధవారం సంత. ఆ సంత వీధి చివర నువ్వుల గానుగలో మైలయ్య అనే ఎద్దు పన్నెండేళ్లు కళ్లకు గంతలతో తిరిగాడు. ఎండ ఎక్కిందో వాలిందో ఎవరో చెబితే తప్ప తెలిసేది కాదు. "ఇంకా పొద్దుంది, నడువు" అంటే నడవడమే. గానుగ పని మానేసిన రోజున మైలయ్యకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. మంచి గడియారం కొనుక్కోవాలి. అదీ అలాంటిలాంటిది కాదు, మార్తాండ గడియారం! సముద్రాల అవతల చేసిన సరుకు. కొత్తది కొనాలంటే ఇంకో పన్నెండేళ్లు తిరగాలి. అందుకని, వాడినది ఎవరైనా అమ్ముతారేమోనని నలుగురి చెవినా వేశాడు.

నాలుగో రోజుకే ఆ మాట జంబులింగం అనే నక్క చెవిన పడింది. మర్నాడు తెల్లారేసరికి మైలయ్య కొట్టం ముందు ప్రత్యక్షమయ్యాడు.

"బావా, నీ అదృష్టం పండింది. ఇటు చూడు!" అంటూ రుమాలు విప్పాడు.

లోపల మార్తాండ! బంగారు అంచు, నల్లటి ముఖం, నీళ్లమీద ఆకులా జారిపోతున్న ముల్లు. మైలయ్య గుండె ఆ ముల్లుకంటే వేగంగా కొట్టుకుంది.

"మా తాతది బావా. నా కాలికి వదులు. అడవిపంది డబ్బు పట్టుకుని వెంటపడుతున్నాడు గానీ, మనవాడివని నీకు సగం ధరకే ఇస్తా. రేపు చీకటిపడే వేళకి పాడుబావి దగ్గరికి డబ్బుతో రా. ఒక్కడివే రా సుమా, నలుగురి దిష్టీ తగలకూడదు. ఆలస్యం అమృతం విషం!"

మైలయ్య ఒక అడుగు డబ్బుమూట వైపు వేశాడు కూడా. అంత నచ్చింది మరి. అంతలో తనను కొన్న రోజు గుర్తొచ్చింది. పశువుల పరసలో, పట్టపగలు, నలుగురి మధ్య నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టారు. ఒంటిమీది వెంట్రుకల సుడులు చూశారు. బురదలో బండి లాగించారు. అమ్మినవాడి ఊరూ పేరూ చీటీ మీద రాయించుకున్నారు. ఆ తర్వాతే పగ్గం చేతులు మారింది. 'నన్ను కొనడానికే అంత చూశారే! నా పన్నెండేళ్ల కష్టంతో కొనేదాన్ని నేనెంత చూడాలి?' అనుకున్నాడు.

"పాడుబావి వద్దురా జంబులింగం. రేపెలాగూ సంత. మిట్టమధ్యాహ్నం పోలమ్మ కొట్టు దగ్గర కలుద్దాం."

"పోలమ్మ దేనికి బావా? మన మధ్య మాట చాలదా?"

"మనకు మాట చాలురా. గడియారానికి మాట రాదు కదా, దాని తరఫున పోలమ్మ మాట్లాడుతుంది."

నక్క చెవి ఒకసారి అదిరింది. వెంటనే నవ్వేసి, "అలాగే కానీ" అని వెళ్లిపోయాడు.

పోలమ్మ వడ్రంగిపిట్ట. గడియారాలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేరు. మర్నాడు నక్క ఇచ్చిన గడియారం వెనక మూతను ముక్కుతో తెరిచి, చెవి ఆనించి విన్నది.

"ఇది అసలు మార్తాండే మైలన్నా. చక్రాలన్నీ లక్షణంగా ఉన్నాయి."

"వీపున నంబరు ఉంటుందటగా. అది కాస్త చీటీ మీద రాసివ్వమ్మా."

పోలమ్మ రాసిచ్చింది. జంబులింగం పంజా చాపాడు. "విన్నావుగా, అసలు సరుకు! ఇక మూట విప్పు."

"కొన్న రసీదు ఏదిరా?"

"పెట్టే, రసీదూ ఇంట్లో ఉన్నాయి. రేపు పంపిస్తాలే."

"పగ్గం రేపిస్తా, ఎద్దును ఇవాళ తోలుకుపో అంటే ఎవరైనా కొంటారట్రా? వెళ్లి తీసుకురా. నేనిక్కడే కూర్చుంటా."

"ఇంత అనుమానమైతే అడవిపందికే ఇచ్చేస్తా!"

"ఇచ్చెయ్యరా. వాడి రాత బాగుంది." మాటయితే అన్నాడు గానీ మైలయ్య చూపు గడియారాన్ని వదల్లేదు. నక్క రుసరుసలాడుతూ గడియారం తీసుకుని వెళ్లిపోయాడు.

పోలమ్మ తన మరమ్మతుల పుస్తకం తిరగేయసాగింది. "ఈ నంబరు నాకెక్కడో తగిలింది మైలన్నా. ఇదిగో! ప్లీడరు కొంగ కామేశం గారిది. పోయినేడు నేనే శుభ్రం చేసిచ్చాను. నెల కిందట చెరువులో స్నానం చేస్తుంటే గట్టుమీద నుంచి ఎవరో కాజేశారట."

ఎదురు కొట్టు పావురంతో ప్లీడరు గారికి కబురు పంపారు.

"ఆ నక్క మళ్లీ వస్తాడంటావా?" అంది పోలమ్మ.

"వస్తాడమ్మా. నా డబ్బుమూట ఇక్కడే ఉందిగా!"

అన్నట్టే గంటలో వచ్చాడు. చేతిలో పట్టుగుడ్డ అంటించిన పెట్టె, దానిమీద ఎర్రదారం ముడి.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి బావా. ముడి మాత్రం ఇంటికెళ్లి మంచి ఘడియలో విప్పు."

"కొన్న ఘడియే మంచి ఘడియరా," అంటూ మైలయ్య కొమ్ముతో దారం తెంపాడు. అదే బంగారు అంచు, అదే నల్లటి ముఖం. కాలికి పెట్టుకుంటే వేరుశనగ తొక్కంత తేలిక! వీపు తిప్పి చూశాడు. చీటీలో ఒక నంబరు, గడియారం మీద ఇంకో నంబరు. దాన్ని పోలమ్మకు అందించాడు.

ఆమె ఒక్క పోటు పొడిచింది. "పైన పటారం, లోన లొటారం! ఇవి చక్రాలా? రేకుముక్కలు!"

"అయ్యో, పొరపాటున పెట్టె మారిపోయింది..."

"మరి ఇందాక చూపించింది ఎక్కడుందిరా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నక్క పంజా చంకలోని సంచి మీదకు పోయింది. మరుక్షణం పారిపోబోయాడు. మైలయ్య తొందరపడలేదు, వాడి తోకమీద నిదానంగా ఒక గిట్ట మోపాడు. అంతే, వాడు కదలలేకపోయాడు.

"ఆ సంచిలో ఉన్నది నాది!" వెనకనుంచి ప్లీడరు కామేశం గారు రసీదు పట్టుకుని వచ్చారు.

"మీకివ్వడానికే తెచ్చానండీ!" అన్నాడు నక్క.

"సగం ధరకా?" అన్నాడు మైలయ్య. సంతంతా గొల్లుమంది.

సంచి విప్పితే అసలు మార్తాండ బయటపడింది. రసీదులోని నంబరూ దాని మీది నంబరూ ఒక్కటే. ప్లీడరు గారు మైలయ్య వైపు తిరిగారు. "పోయిందనుకుని నేను వేరేది కొనుక్కున్నానయ్యా. నీకు కావాలంటే ఇది న్యాయమైన ధరకిస్తాను."

మైలయ్య కళ్లు మెరిశాయి. అయినా, "పోలమ్మా, ఇంకొక్కసారి తెరిచి చూడమ్మా" అన్నాడు.

"ఏమయ్యా, నన్ను కూడా నమ్మవా?"

"తమరిని నమ్మకపోవడమేమిటి ప్లీడరు గారూ! నేను కొనేది గడియారాన్ని కదా."

కామేశం గారు పకపకా నవ్వి, అమ్మకం కాగితం స్వయంగా రాసి సంతకం చేశారు. పోలమ్మ సాక్షి. గడియారం కాలికి ఎక్కాకే డబ్బుమూట చేతులు మారింది.

ఈలోగా సంత కాపలా కుక్కలు ఆ రేకుల గడియారాన్ని ఎర్రదారంతో జంబులింగం మెడకే కట్టి వీధివీధీ తిప్పసాగాయి. మేకలన్నీ చుట్టూ మూగాయి. "జంబులింగం మామా, టైమెంతయింది?" అని ఒకటే గోల. నక్క తల వంచి చూసుకున్నాడు. ముల్లు కదిలితే కదా!

"మూడూ పది!" అని వెనకనుంచి ఖంగుమంది గొంతు. ముందుకాలు ఎత్తిపట్టుకుని, సంత మధ్యలోంచి పెళ్లికొడుకులా నడిచి వస్తున్నాడు మైలయ్య.

నీతి: అమ్మేవాడు ఎంత తొందరపెడితే, కొనేవాడు అంత నిదానించాలి.