పైకి చూస్తూ పేరంటం పిలిచిన నరసాయమ్మ

అనగనగా, అనగనగా, కొండ పక్కనే ఒక ఊరు. దాని పేరు ముసురుపాడు. కొండ మీద మబ్బు కాస్త తుమ్మిందంటే చాలు, ఊరంతా తడిసిపోయేది. ఆ ఊళ్ళో నరసాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా కన్నా? నువ్వు ఊఁ కొడితేనే కథ నడుస్తుంది.

నరసాయమ్మది పాత పెంకుటిల్లు. వానొస్తే బయట ఎంత కురిసేదో లోపలా అంతే కురిసేది. బయట వాన వెలిశాక కూడా లోపల ఇంకాసేపు కురిసేది.

ఆవిడ మొగుడు గవర్రాజు నిశ్చింత మనిషి. ఈ మూల కారితే మంచం ఆ మూలకి లాక్కునేవాడు. ఆ మూల కారితే ఈ మూలకి లాక్కునేవాడు. రెండు మూలలా కారితే దుప్పటి ముసుగు పెట్టేవాడు.

నరసాయమ్మకి మాత్రం అన్నిటికీ బెంగే. పాలు పొంగితే బెంగ, పొంగకపోతే బెంగ.

ఆ ఏడు అన్నిటికంటే పెద్ద బెంగ వచ్చిపడింది. కూతురు వరహాలు నీళ్ళోసుకుంది. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలి కదా, అది ఆనవాయితీ. వరహాలుకి శ్రావణంలో నెలలు నిండుతాయి. శ్రావణమంటే ముసురుపాడులో ఆకాశానికి చిల్లు పడే నెల.

అప్పుడు వియ్యపురాలు భ్రమరాంబ ఒక కబురు పంపింది. "వదినగారూ, కోడల్ని పంపనని నేననను. కానీ మీ కప్పు సంగతి నలుగురూ చెప్పగా విన్నాను. ఒక్క చుక్క కారిందా, తల్లినీ పిల్లనీ అప్పటికప్పుడు బండెక్కించి మా ఇంటికి తీసుకుపోతాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఆ మాట విన్నాక నరసాయమ్మకి అన్నం సయించలేదు. కూతురికి పురుడు కూడా పొయ్యలేకపోయిందని ఊరు అనుకోదూ? ఊరి సంగతి సరే, పిల్ల "అమ్మా" అని మూలిగితే చెయ్యి పట్టుకోవడానికి పక్కన తను ఉండొద్దూ?

ఇక లాభం లేదని కప్పు నేసే మేస్త్రీలకి కబురు పెట్టింది. ఆ ఊళ్ళో మేస్త్రీలు ముగ్గురు.

మొదట ముత్యాలు మేస్త్రీ వచ్చాడు. గడపలోనే చేతులు జోడించాడు. "బాగా నేస్తావా నాయనా?" అంది నరసాయమ్మ. "ఎంత మాటమ్మా! మీ ఇల్లు నా ఇల్లు కాదా! వరహాలమ్మ నా చెల్లెలు కాదా!" అన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత భద్రాచలం మేస్త్రీ వచ్చాడు. నడుం మీద చేతులేసుకుని కప్పు కేసి చూసి పకపకా నవ్వాడు. "దివాణాలు కప్పిన చేతులమ్మా ఇవి. ఈ పిట్టగూడెంత!" అన్నాడు. నరసాయమ్మకి కాస్త చిన్నతనమనిపించింది గానీ, ధైర్యమూ వచ్చింది.

ఆ తర్వాత దాలయ్య మేస్త్రీ. ఊళ్ళో అందరూ అతన్ని గొణుగుడు దాలయ్య అనేవారు. అతను అసలు రానే లేదు. నరసాయమ్మే వెళ్ళి బాగా నేస్తావా అని అడిగితే, "నాయుడి పశువుల పాక అయ్యేదాకా కుదరదు" అని మొహం తిప్పుకున్నాడు.

"ఆవులకున్న విలువ నా కూతురికి లేదా!" అని చరచరా ఇంటికొచ్చేసింది. ముత్యాలుకే పని ఒప్పజెబుదామని గవర్రాజుతో అంది.

"ఎవడైతేనేం? పెంకు పెట్టేవాడేగా. మంచం ఎటు లాగాలో ఆ తర్వాత చూసుకుందాం" అన్నాడు గవర్రాజు.

ఆ "ఆ తర్వాత" అన్న మాట ముల్లులా గుచ్చుకుంది ఆవిడకి. మేస్త్రీని అడిగితే బాగానే నేస్తానంటాడు గానీ, కారేలా నేస్తానంటాడా? మరి ఎవర్నడగాలి?

అలా ఆలోచిస్తూ ఉండగానే కొండ మీంచి గాలివాన దిగింది. ఎండాకాలంలో అకాల వాన. అందరూ పరుగులు తీసి ఇళ్ళలో దూరుతుంటే, నరసాయమ్మ మాత్రం కుంకుమ భరిణె చేతబట్టుకుని, గొడుగేసుకుని బయటికి నడిచింది.

"ఈ వానలో ఎక్కడికే?" అన్నాడు గవర్రాజు మంచం లాగుతూ.

"పేరంటం పిలవడానికి!"

"పేరంటమా? మనింట్లోనా? ఎందుకూ?"

"అది రేపు చెబుతా. ఇళ్ళలోకి వెళ్ళడానికి వంక కావాలా వద్దా?"

మొదట రామలక్ష్మి ఇంటికెళ్ళింది. ఆ కప్పు ముత్యాలు నేసింది. బొట్టు పెడుతూ, రామలక్ష్మి మొహం చూడకుండా పైకి చూసింది. పైనుంచి టప్పుమని ఒక చుక్క వచ్చి భరిణెలో పడింది. కుంకుమ కాస్తా ముద్దయింది.

"మీ మేస్త్రీ ఎలాంటివాడు వదినా?" అంది.

"దేవుడనుకో!" అంది రామలక్ష్మి, చుక్క కింద గిన్నె పెడుతూ. "కబురంపితే పరుగెత్తుకొస్తాడు. ముందటేడు వచ్చాడు, నిరుడు వచ్చాడు, మొన్న ఉగాదికీ వచ్చాడు. చేసిన చోటే మళ్ళీ చేస్తాడు, విసుక్కోడు పాపం!"

నరసాయమ్మ ఊఁ అంది. చేసిన చోటే మళ్ళీ ఎందుకు చెయ్యాలో మాత్రం అడగలేదు.

ఆ తర్వాత భద్రాచలం ఇంటికే వెళ్ళింది. అక్కడ అతని పెళ్ళాం వానకి తడవకుండా తలకి తాటాకు గిడుగు తొడుక్కుని, ఓ చేత్తో పొయ్యి మీద చేట అడ్డం పట్టి, ఇంకో చేత్తో పులుసు కలుపుతోంది. బొట్టు పెడదామంటే గిడుగు అడ్డొచ్చింది.

"ఏమిటమ్మా ఇది?" అంది నరసాయమ్మ.

"మా ఆయనకి దివాణాలతోనే సరిపోతుంది కదండీ, ఇంటికి తీరికేదీ?" అంది ఆవిడ గొప్పగా. పులుసులో రెండు చుక్కలు పడ్డాయి. "పోనీలెండి, నీళ్ళు పొయ్యక్కర్లేదు" అంది.

కట్టుకున్నదానికే గిడుగు తొడిగినవాడు నా కూతురికి కప్పు వేస్తాడా అనుకుంటూ నరసాయమ్మ బయటపడింది.

ఆ తర్వాత అచ్చియమ్మ ఇంటికెళ్ళింది. ఆ కప్పు దాలయ్య నేసింది. బయట కుండపోత. లోపల అచ్చియమ్మ నేల మీద అప్పడాలు పరుచుకుని కూర్చుంది. నరసాయమ్మ పైకి చూసింది. ఈ మూల చూసింది, ఆ మూల చూసింది. ఎక్కడా తడి లేదు.

"మీ మేస్త్రీ ఎలాంటివాడమ్మా?"

అంతే, అచ్చియమ్మ కయ్యిమంది. "ఆ దిక్కుమాలిన వాడి పేరెత్తకు! పెంకు పెంకునీ వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. నిక్షేపంలాంటి పెంకులు కూడా పగిలిన చప్పుడొస్తోందని అవతల పారేశాడు. మజ్జిగిస్తే ఉప్పెక్కువైందని మొహం మీదే అన్నాడు!"

"ఎప్పుడు నేశాడు?"

"మా పెద్దాడు పాకేటప్పుడు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి."

"మళ్ళీ ఎప్పుడైనా వచ్చాడా?"

"ఎందుకొస్తాడూ? ఓసారొచ్చి చూసిపోవయ్యా అంటే, కారినప్పుడు చెప్పండి అంటాడు. అంత పొగరు! ఇప్పటిదాకా ఒక్క చుక్క కారితే ఒట్టు, ఇక వాణ్ణి ఏమని పిలవను?"

నరసాయమ్మకి నవ్వొచ్చింది. ఆ పూటకి ఆవిడకి ఒకటి తెలిసింది. కారే ఇంటివాళ్ళు మేస్త్రీని పొగుడుతున్నారు, కారని ఇంటావిడ తిడుతోంది. తిట్లు తిన్నవాడే తన మేస్త్రీ అనుకుంది.

పిలిచాక పేరంటం చెయ్యకపోతే అబద్ధమాడినట్టవుతుందని, మర్నాడు శనగలు నానబెట్టి పేరంటం చేసింది. వచ్చిన ఆడవాళ్ళలో ఒకరు నువ్వుల నూనె తెచ్చారు, ఒకరు ఉప్పు మూట తెచ్చారు, ఒకరు వావిలాకు తెచ్చారు. నరసాయమ్మ ఊరంతా పైకి చూస్తూ తిరిగింది కదా, మెడ పట్టేసిందనుకున్నారు పాపం! కాదని చెబితే వినలేదు. ముగ్గురూ కలిసి మెడకి పట్టు వేసే వెళ్ళారు.

ఆ తర్వాత ఆ పట్టుతోనే దాలయ్య దగ్గరికెళ్ళింది. "నాయుడి పాక అయ్యాకే" అన్నాడు మళ్ళీ.

ఎప్పుడవుతుంది? వైశాఖం అయిపోవచ్చింది. మబ్బులు కొండెక్కి కూర్చున్నాయి. ఆగలేక నరసాయమ్మ గవర్రాజుని మంచం మీంచి లేపింది. మొగుడూ పెళ్ళాం నాయుడి పాకకెళ్ళి, దాలయ్యకి పెంకులందించడం మొదలుపెట్టారు.

నాయుడి పెళ్ళాం నోరెళ్ళబెట్టింది. "మా ఆవుల పాకకి నువ్వు పెంకులు మొయ్యడమేంటి పిన్నీ?"

"గోసేవే అమ్మా, పుణ్యం" అంది నరసాయమ్మ రొప్పుతూ.

"పుణ్యం సరే గానీ, ఆ పెంకు తిప్పి అందించండి" అన్నాడు దాలయ్య పైనుంచి.

పాక అయింది. దాలయ్య వచ్చాడు. "మంచిరోజు చూసి మొదలెడదామా?" అంది ఆవిడ. "మబ్బు మంచిరోజు చూసుకుని వస్తుందా?" అని నిచ్చెనెక్కేశాడు. కప్పు మొత్తం ఊడదీశాడు. పుచ్చిన వాసాలు కింద పడేశాడు. నరసాయమ్మ నిచ్చెన కిందే నించుని అటు ఆకాశాన్నీ ఇటు దాలయ్యనీ చూస్తూ వేళ్ళు విరుచుకుంది.

గవర్రాజు మాత్రం లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని, "ఏమేవ్, ఇల్లు ఇప్పుడే బావుందే. ఎంత వెలుతురో!" అన్నాడు.

అటుగా పోతూ ముత్యాలు ఆగి నొచ్చుకున్నాడు. "అయ్యో అమ్మా! నాకు చెప్పుంటే పైపైన సర్దిపెట్టేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పలేదు నాయనా" అంది నరసాయమ్మ.

దాలయ్య పెంకు పెంకునీ వేలితో కొట్టి విన్నాడు. గొణిగాడు. ఒకటి పెట్టాడు, ఒకటి పారేశాడు. ఆఖరి పెంకు పెట్టి కిందికి దిగాక తొలకరి మొదలైంది.

వరహాలు పుట్టింటికొచ్చింది. శ్రావణంలో, హోరున వానలో, పండులాంటి మనవడు పుట్టాడు. పిల్ల "అమ్మా" అని మూలిగినప్పుడు చెయ్యి పట్టుకోవడానికి నరసాయమ్మ పక్కనే ఉంది.

బారసాల నాడు భ్రమరాంబ వచ్చింది. ఆ రోజు కూడా జడివాన. ఆవిడ బండి తోలేవాణ్ణి ఎడ్లు విప్పవద్దంది. లోపలికొచ్చి, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, తల పైకెత్తి కప్పు కేసి చూస్తూ కూర్చుంది. వంటింట్లో కాసేపు, సావిట్లో కాసేపు, పురిటి గదిలో కాసేపు. పీట మార్చింది గానీ చూపు దించలేదు. నరసాయమ్మ ఆవిడ వెనకే తిరుగుతూ ముక్కోటి దేవుళ్ళకి మొక్కుకుంది.

భోజనాలు వడ్డించారు. పిలిచారు కాబట్టి దాలయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. చారులో ఉప్పెక్కువైందని గొణుగుతున్నాడు.

అప్పుడు భ్రమరాంబ కెవ్వున అరిచింది.

"కారింది! కారింది! నా పట్టుచీర తడిసింది! బండి తిప్పరా!"

నరసాయమ్మ చేతిలో గరిటె జారిపోయింది. వరహాలు మొహం పాలిపోయింది. గవర్రాజు అలవాటు కొద్దీ మంచం లాగాడు. అందరూ తలలెత్తి పైకి చూశారు. కప్పు ఎండిన మట్టిపెళ్ళలా పొడిగా ఉంది.

దాలయ్య ఎంగిలి చేత్తోనే విస్తరి ముందు నుంచి లేచాడు. భ్రమరాంబ దగ్గరికొచ్చాడు. అందరూ పైకి చూస్తుంటే అతనొక్కడే కిందికి, ఆవిడ ఒళ్ళోకి చూశాడు. మనవడు కాళ్ళాడిస్తూ బోసినవ్వు నవ్వుతున్నాడు. పట్టుచీర మీంచి కిందికి ఇంకా ధార కడుతూనే ఉంది.

"అది నా పని కాదమ్మా" అన్నాడు దాలయ్య. వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాడు.

భ్రమరాంబ తల దించి ఒళ్ళోకి చూసుకుంది. ఆ తర్వాత ఫక్కుమని నవ్వింది. ఆవిడ నవ్వేసరికి ఇల్లంతా నవ్వింది. నవ్వీ నవ్వీ, "ఒరేయ్, ఎడ్లు విప్పెయ్. ఈ పూట ఇక్కడే పడుకుంటాను" అని బండివాడికి కేకేసింది.

నువ్వు కూడా ఇక కళ్ళు మూసుకో కన్నా. ఇందాక బయటికెళ్ళి వచ్చావు కదా? ఊఁ, మంచిది.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
చినుకేమో చూరుకి, నిద్రేమో నీ కంటికి.