తోక లేని కాపలాదారు

"ఈ దొడ్డిలో ఎవరి పుట్టుకా అడగం. పనే చూస్తాం. ఇది నా మాట."

పోయిన కార్తీకంలో బూడిదన్న ఎద్దు అందరి ముందూ అన్న మాట ఇది. ఆ మాట నమ్మి లోపలికొచ్చాడు గంగులు. వెడల్పు దవడల జాతి కుక్క. చూసినవాళ్లు జడుసుకోవాలని, వాణ్ణి పెంచిన మనిషి చిన్నప్పుడే చెవులూ తోకా కోయించాడు. చివరికి తనే జడుసుకుని రోడ్డు మీద వదిలేశాడు.

ఆరు నెలల కాపలాలో ఒక్క కోడిపిల్ల పోలేదు. చలికాలమంతా గంగులు బూడిదన్న గిట్ట మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. సంతోషమొస్తే ఊపడానికి తోక లేదు కనుక నడుమంతా ఊపేవాడు. ఆ సంగతి బూడిదన్న ఒక్కడే గమనించాడు.

వైశాఖంలో ఒక పొద్దున నక్క కంచె అవతల చతికిలబడింది.

"ఏం పుంజు బావా, ఇంకా బతికే ఉన్నావా?"

కాకిపుంజు మెడ ఈకలు నిక్కించింది. "నాకేం రోగం?"

"నీకు కాదు, మీ కాపలావాడి గురించే నా బెంగ. ఆ జాతి పట్టు పడితే వదలదట. పక్క ఊళ్లో కరిచిందట."

"ఎవర్ని?"

"ఎవర్నయితేనేం? కరిచిందట! పోనీ, వాడు ఒక్కనాడైనా మీకు తోక ఊపాడా? చెవులు వాల్చాడా?"

పుంజు ఆలోచించింది. నిజమే, ఊపలేదు.

సాయంత్రానికి పుంజు గడ్డివాము ఎక్కింది. "దొడ్డి భద్రత మన జన్మహక్కు! తోక ఊపనివాడు మనవాడు కాడు!"

"కాడు! కాడు!" అన్నాయి కోళ్లూ మేకలూ.

"కోసేసిన తోక ఎక్కణ్ణుంచి తెచ్చి ఊపమంటావు?" అన్నాడు గంగులు. "నువ్వు పందెం జాతివి. మీ తాతలు కాళ్లకి కత్తులు కట్టుకుని ఎంతమందిని చంపారో నేనెప్పుడైనా అడిగానా?"

"మాది శౌర్యం. మీది క్రౌర్యం."

గంగులు ఎద్దు వైపు తిరిగాడు. "పెద్దన్నా, నువ్వు చూశావు కదా. నువ్వు చెప్పు."

నడుము మెల్లగా ఊగుతోంది. బూడిదన్నకు అది కనిపిస్తూనే ఉంది. కార్తీకం నాటి మాట గొంతు దాకా వచ్చింది. కానీ అన్ని కళ్లూ తన మీదే ఉన్నాయి. కరిచే జాతిని వెనకేసుకొచ్చాడంటారేమో! నెమరు వేస్తూనే, "అందరి మాటే నా మాట" అన్నాడు.

ఊగుతున్న నడుము ఆగిపోయింది. గంగులు తల వంచుకుని బయటికి నడిచాడు.

మర్నాడు నక్క వచ్చింది. జానెడు మందాన ఉన్న తోకను విసనకర్రలా ఊపింది. "ఎంత మర్యాదస్తురాలమ్మా!" అని పిల్లలకోడి మురిసిపోయింది. కాపలా పని నక్కకే ఇచ్చారు.

మూడో రోజు మధ్యాహ్నం, మనుషులు భోజనాలకు వెళ్లిన వేళ, తొమ్మిది కోడిపిల్లలూ పోయాయి. నక్కా పోయింది. పిల్లలకోడి గడ్డిలో వెతికిన చోటే మళ్లీ వెతుకుతోంది. పుంజు గడ్డివాము దిగలేదు, కూయలేదు.

బూడిదన్నకు మేత సహించలేదు. ఆ కోడి వంక చూడలేక పలుపు తెంపుకుని కాలవగట్టుకు నడిచాడు. తుమ్మచెట్టు కింద గంగులు పడుకుని ఉన్నాడు.

"రారా గంగులూ, ఇంటికి పోదాం."

"పిల్లలు పోయాయని పిలుస్తున్నావా, తప్పు చేశానని పిలుస్తున్నావా?"

బూడిదన్న తల దించుకున్నాడు. "వాళ్లకి తెలీక అరిచారు. నాకు తెలుసురా. నీ నడుము ఊగడం ఆ పూట కూడా చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు."

"ఈ ముక్క తుమ్మచెట్టుకి చెప్పి ఏం లాభం, పెద్దన్నా? నన్ను గెంటిన చోట, వాళ్లందరూ వినేలా చెప్పు. నాలాంటివాడు ఇంకొకడొస్తే తోక అడగబోమని కూడా చెప్పు."

పుట్టుకను చూసి గెంటినవాళ్ల తప్పు కన్నా, నిజం తెలిసీ నెమరు వేస్తూ కూర్చున్నవాడి తప్పే పెద్దది.

"ఏరువాక పున్నమి నాడు నీ కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి మొక్కుతారు," అన్నాడు గంగులు, లేవకుండానే. "ఆ మొక్కు అందుకునేలోపే చెప్పాలి. ఆ జ్యేష్ఠ పున్నమి పొద్దు పొడిచేదాకా ఇక్కడే ఉంటాను. అప్పటికి జవాబు రావాలి."