దొరగారి అరచెయ్యి

కోనవలస జమీందారుగారి మోటారుకు ఒక నియమం ఉండేది. ముందు గంటసేపు ఇంజను ఆడాలి, దొరగారు ఇంజను మీది మూత రేకుకు అరచెయ్యి ఆనించి "కాగింది" అనాలి, అప్పుడే చక్రం కదలాలి. లేకపోతే ఇంజను పగిలిపోతుందని ఆయన నమ్మకం.

ఒక ఉదయం పాలేరు కోడలు నూకాలు పురిటినొప్పులతో విలవిల్లాడుతోందని కబురొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తానని డ్రైవరు గవరయ్య బతిమాలాడు.

"తీసుకెళ్లు. కానీ గంట కాగనీ," అని దొరగారు పూజగదిలోకి వెళ్లారు.

గంట ఆగితే ఆ పిల్ల దక్కదు. గవరయ్య పళ్లు బిగించి ఇంజను తిప్పాడు. వంటింట్లోంచి సలసల కాగే నీళ్ల బిందె తెచ్చి రేకు మీద పెట్టాడు. రెండు నిమిషాలకే దించేసి, తడి తుడిచి, దొరగారిని పిలిచాడు.

"అప్పుడే గంటయిందా?"

"తమరి చెయ్యే చెప్పాలి బాబూ."

దొరగారు చెయ్యి ఆనించి చటుక్కున లాక్కున్నారు. "అబ్బో, కాగింది! పో!"

సాయంత్రం గవరయ్య తిరిగొచ్చాడు. తల్లీ బిడ్డా క్షేమం.

"చూశావా? కాగింది కాబట్టే ఇంజను మొరాయించలేదు," అని దొరగారు మీసం దువ్వారు.

గవరయ్య ఆ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"రేకును కాచింది ఇదండి బాబూ. బయల్దేరే ముందు ఇంజను తిరిగింది రెండు నిమిషాలే. రేపట్నించి బండి తియ్యాలంటే తమరు చెయ్యి కాచుకుంటే చాలండి."