చెప్పులు విడిచి ఎక్కిన రైలు

అడిగినదానికి నరహరయ్యగారు ఏనాడూ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆశ్రమంలో అందరికంటే బాగా తెలిసింది వకుళకే. అందుకే ఈసారి ఆయనకు తప్పించుకునే సందు ఇవ్వకూడదని సంచీ సర్దుకుని మరీ వచ్చి ఎదురుగా కూర్చుంది. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోవాలని ఆమె నిశ్చయం.

"మంత్రం ఇచ్చిన రోజు ఒళ్ళు ఝల్లుమంది గురువుగారూ. ఏడాది తిరిగింది. ఇప్పుడు జపానికి కూర్చుంటే కునుకు తప్ప ఏమీ రావడం లేదు. ఇంకా ఎందుకు కూర్చోవాలి?"

ఆయన సంచీ వంక చూసి, తమ ఊరికి కొత్తగా రైలు వచ్చిన వైనం ఎత్తుకున్నారు. రైలొస్తే వానలొస్తాయనీ, సర్కారు కచేరీలన్నీ ఊళ్ళోకి నడిచొస్తాయనీ, పెళ్ళికాని మగపిల్లలకి సంబంధాలు వరస కడతాయనీ జనం ఏళ్ళ తరబడి చెప్పుకున్నారట. తీరా ఆ రోజు రానే వచ్చింది. ఆయన మేనత్త శేషమాంబ, కొండకవతల అత్తారింట్లో మూడో కాన్పయిన కూతుర్ని చూడాలని అందరికంటే ముందు నిలబడింది. మామిడాకులు కట్టుకుని బండి వచ్చి ఆగగానే మెట్టుకి మొక్కి, చెప్పులు ప్లాట్‌ఫారం మీదే విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు ఎక్కింది. పెద్దావిడ విడిచాక మిగతావాళ్ళు వేసుకుంటారా? బండి కదిలింది. రెండువందల జతల చెప్పులు బారులు తీరి వీడ్కోలు పలికాయి.

వకుళకి నవ్వొచ్చింది. కోపంగా ఉన్నానని గుర్తు తెచ్చుకుని ఆపుకుంది.

అవతల దిగేసరికి మిట్టమధ్యాహ్నం, రోహిణి కార్తె ఎండ. స్టేషను నుంచి ఊరు మైలు దూరం. నాలుగడుగులు గెంతి, అందరూ తిరుగుప్రయాణానికి సిద్ధంగా ఉన్న అదే బండెక్కి చెప్పుల కోసం వెనక్కి వచ్చేశారు. శేషమాంబ మనవరాలి మొహం చూడనే లేదు. కాళ్ళు కాల్చే ఈ మాయదారి రైలు మనకెందుకని ఊరంతా తిట్టిపోసింది. మర్నాడు ప్లాట్‌ఫారం మీద పిట్ట లేదు. శేషమాంబ ఒక్కతే బాలింత కారం డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, చెప్పులతోనే ఎక్కి కూర్చుంది. మెట్టుకి మొక్కనైనా మొక్కలేదు.

దూరాన బస్సు హారన్ వినిపించింది. వకుళ సంచీ మీద చెయ్యి వేసింది గాని, అడక్కుండా లేవలేకపోయింది.

"మరి ఆ రెండోరోజు ఆవిడకి రైలు ఎలా అనిపించిందట?"

"ఏం అనిపిస్తుందమ్మాయీ, ఎక్కగానే నిద్రపోయింది," అన్నారు నరహరయ్యగారు. "కళ్ళు తెరిచేసరికి కూతురి ఊరు."