గొర్రె ఓటు, బాతు ఓటు

కొండవాలులో, ముళ్లదడి లోపల, ఓ చిన్న ఊరు. పై వీధి వాళ్లంతా మేకకు ఓటేస్తారు, కింద వీధి వాళ్లంతా గేదెకు. ఎందుకయ్యా అంటే వాళ్ల తాతలు వేశారు గనక. ఆ ఊళ్లో పిల్ల పుట్టి కళ్లు తెరవకముందే దాని ఓటు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఓటంటే మరేం కాదు, ఓ చింతగింజ. కొండమీద బండ దగ్గర పేరుకో కుండ పెడతారు. తమవాళ్ల కుండలో గింజ వేసి దిగి రావడమే. ఏటా ఒకటో రెండో గింజల తేడాతో మేకో గేదో గెలుస్తుంది. గెలిచినవాళ్లకు దక్కే పెద్దరికం కూడా ఒక్కటే, పొద్దు గూకగానే ఊరి వాకిలి తడక మూయడం, తెల్లారాక తీయడం.

గొర్రె పైడమ్మది పై వీధి. బాతు నూకాలుది కింద వీధి, తడక పక్కనే ఇల్లు. ఇద్దరిదీ ప్రాణస్నేహం. ఏటా ఓట్లనాడు కలిసే కొండెక్కుతారు. ఎక్కినంతసేపూ పైడమ్మ మేకను పొగుడుతుంది, నూకాలు గేదెను పొగుడుతుంది, ఇద్దరూ కీచులాడుకుంటారు. చెరో కుండలో గింజలు వేసేశాక, దిగేటప్పుడు మాత్రం పిల్లల కబుర్లే.

ఈ ఏడు బండ మీదికి మూడో కుండ వచ్చింది. దడి అవతలి నక్క సింహాచలం పోటీకి నిలబడ్డాడు. బయట ఉన్నా నక్కలూ ఊరివాళ్లేనని పెద్దలు ఏనాడో మెత్తబడి ఒప్పేసుకున్నారు. నక్కలవి మొత్తం తొమ్మిది ఓట్లు. తొమ్మిదితో ఏం చేస్తాడులే అని ఎవరూ పట్టించుకోలేదు.

ఓట్లకు రెండు రోజుల ముందు సింహాచలం పైడమ్మ గుమ్మంలోకి వచ్చి వినయంగా నిలబడ్డాడు.

"నూకాలు గారి కాలు ఎలా ఉందమ్మా?"

"వాసిపోనాది బాబూ. అడుగు తీసి అడుగు ఎయ్యలేకపోతంది."

"అయ్యో, మరి ఆ కాలుతో కొండెక్కాలా? మీ గింజ మేకకు, ఆవిడ గింజ గేదెకు. ఇద్దరూ వేసినా అంతే, ఇద్దరూ మానేసినా అంతే. మీరు మానేస్తానంటే ఆవిడా మానేస్తుంది. పాపం, కాలికి సుఖం."

పైడమ్మ ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. పైగా స్నేహితురాలి కాలు గురించి ఇంతగా అడిగినవాడు మరొకడు లేడు. ఆ సాయంత్రమే వెళ్లి నూకాలుతో చెప్పింది. నూకాలు సరేనంది.

ఓట్లనాడు పొద్దున్నే పైడమ్మకు కాలు నిలవలేదు. వాపుకు కడదామని నాలుగు వావిలాకులు నోట కరుచుకుని కింద వీధికి దిగింది. చూస్తే నూకాలు స్నానం చేసి, ఈకలు దువ్వుకుని, గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఓటు మానేసినాం గదే. ఈ ముస్తాబేటి?"

"ఓటుకి కాదప్పా. ఏడాదికోపాలి నువ్వూ నానూ కలిసి నడిసే రోజు గదా. ముస్తాబవకపోతే ఏటో తోచలేదు."

 పైడమ్మ ఆకులు ఆమె కాలి దగ్గర పెట్టింది.

"నువ్వేం బెంగెట్టుకోకు," అంది నూకాలు. "మనవేనేటి, ఊరంతా ఇంటికాడే ఉంది. గాడిద, పంది జోడీగా మానేసినారు. కుందేలు, కోడి జోడీగా మానేసినారు. సింహాచలం బాబు అందరి కాళ్ల నొప్పులూ అడిగినాడట, ఎంత మంచోడో."

"అందరివీ అడిగినాడా?"

"అందరివీ."

"మరి ఆ తొమ్మిది నక్కలకీ కాళ్ల నొప్పుల్లేవేటే?"

ఇద్దరూ ఒక్కసారే తడక వైపు చూశారు. తడక కింద నూకాలు పిల్లలు ఏడూ బురదలో ఆడుకుంటున్నాయి. ఈ సాయంత్రం నుంచి ఆ తడక ఎవరి చేతికి పోతుందో పైడమ్మకు అప్పుడు తెలిసింది. ఆమెకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"ఎక్కు," అంది, నూకాలు ముందు మోకాళ్లమీద వంగి.

"నీ ఈపు మీదకా? నన్ను మోసుకెళ్లి మరీ గేదెకి ఏయిస్తావా అప్పా? నీ మేక ఓడిపోద్దేమో."

"ఓడితే ఓడనీ. మేక మూసినా గేదె మూసినా తడక మూతపడతాది. ఎక్కు."

గొర్రె వీపున బాతు, బాతు నోట గేదె గొప్పలు, గొర్రె నోట మేక గొప్పలు. రెండు వీధులూ దద్దరిల్లేలా కీచులాడుకుంటూ బయల్దేరారు. ఆ గొడవకు గాడిద బయటికి వచ్చింది. గాడిద వెళితే తన గేదె గతేమిటని పంది వచ్చింది. కుందేలు వెనకాలే కోడి పరిగెత్తింది. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా కొండెక్కింది.

గింజలు లెక్కపెట్టారు. గేదెకు ముప్పయ్యేడు, మేకకు ముప్పయ్యారు, నక్కకు తొమ్మిది.

సింహాచలం తన కుండ చంకన పెట్టుకుని పైడమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏం బావుకున్నారమ్మా? మీరు మోసుకొచ్చిన ఓటుతోనే మీ మేక ఓడింది."

"ఓడింది బాబూ. బాధగానే ఉంది. మళ్లీ ఏడు సూసుకుంటాం," అంది పైడమ్మ, వీపు మీద నూకాలును సర్దుకుంటూ. "నువ్వు బేగి దిగు. పొద్దు గూకితే గేదె తడక మూసేస్తాది."

పక్కింటివాళ్ల ఓటు మనకు ఎదురే కావచ్చు, దాన్ని మాన్పించడానికి వచ్చినవాడు మాత్రం ఇద్దరికీ ఎదురే.