మూతలు తీసే ఊళ్ళో వరాలు కేకు

అనగనగా ఒక ఊళ్ళో ఏ గిన్నె మీదా మూత నిలిచేది కాదు. ఆ ఊరి పేరు గరువుపాలెం. అక్కడ ఎవరింటికి ఎవరెళ్ళినా తిన్నగా వంటింట్లోకి నడిచి, పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి, "ఇవాళేం కూర వదినా?" అనాలి. అది మర్యాద. అలా తియ్యకుండా వెళ్ళిపోయారో, "మా ఇంటికొచ్చి మూతైనా తియ్యలేదు, ఎంత గర్వమో!" అని నెల్లాళ్ళు మూతి ముడుచుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో వరాలని అచ్చం నీ అంత పిల్ల ఉండేది. పుట్టినప్పుడు ఆ పిల్ల కిక్కురుమనలేదట. అప్పుడు నర్సు సలోమమ్మ వీపు రుద్ది, నోట్లో ఊపిరి ఊది, ఏడిపించి బతికించింది. ఆ ఊళ్ళో సగం మందిని భూమ్మీదికి దింపింది ఆవిడే. కొందరి విషయంలో తొందరపడిందేమో, మనకెందుకులే.

నర్సమ్మకి కేకంటే ప్రాణం. క్రిస్మస్‌కి పట్నం నుంచి తెప్పించి ఇంటింటికీ పంచేది. చివరికి ఆవిడకి అట్టపెట్టెలో పొడి మిగిలేది. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది. ఆ సాయంత్రం బస్సుకి సొంతూరు వెళ్ళిపోతోంది. ప్రెసిడెంటు వీరభద్రం గారు ఆవిడకి కప్పడానికి ఉన్ని శాలువా తెప్పించారు. నడి వేసవిలో. ఆయన ఆలోచనలెప్పుడూ అలా వెచ్చగానే ఉంటాయి.

వరాలు మాత్రం మేనత్త సుగుణ దగ్గరికి పరిగెత్తింది. సుగుణత్త కాకినాడలో కేకులు చెయ్యడం నేర్చుకుంది.

"అత్తా, నర్సమ్మకి ఓ కేకు చేసి పెట్టవూ?"

"నేను చెయ్యనే. చెప్తాను, నువ్వే చెయ్యి. బతికింది నువ్వు కదా!"

అప్పుడు సుగుణత్త మూడు మాటలు చెప్పింది. అన్నీ ఒక్క గ్లాసుతోనే కొలవాలి. పిండి జల్లించాకే కలపాలి. తను చెప్పేదాకా మూత తియ్యకూడదు.

వరాలు ఒక మందపాటి డేక్సాలో ఇసుక పోసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద వేడెక్కనిచ్చింది. ఆ తర్వాత వెన్న, పంచదార పొడి తెల్లగా నురగొచ్చేదాకా గిలక్కొట్టింది. గుడ్లు ఒక్కొక్కటే కొట్టి వేసింది. మైదాలో బేకింగ్ పౌడరు చెంచాడు, గోపురంలా కాదు, తలకొట్టుగా వేసి జల్లించింది. అది కొంచెం కొంచెంగా వేస్తూ ఒకే వైపు తిప్పింది. వెన్న రాసి పిండి చల్లిన గిన్నెలో పోసి, ఆ గిన్నెని ఇసుక మీద దింపి, మూత పెట్టింది. ముక్కు మీద పిండి, జడలో పిండి. పిల్లనే ముందు కాల్చాలేమో అన్నట్టుంది.

అప్పుడు పక్కింటి సూరమ్మ వచ్చింది. ఊళ్ళో అందరికంటే మర్యాదస్థురాలు. పొయ్యి ఆర్పాక కూడా మూత తీసి చూసే మనిషి. వరాలు పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేలోపు మూత ఎత్తనే ఎత్తింది.

"ఇదేం కూరే? ముక్కలే లేవు!"

పొంగుతున్న కేకు ఉస్సూరుమని కూలిపోయింది. నడిమధ్యన గుంట.

వరాలు ఏడవలేదు. మళ్ళీ కలిపింది. అప్పుడు శాలువా చూపించడానికి ప్రెసిడెంటు గారు వచ్చారు. పెద్దమనిషిని ఎవరాపుతారు? ఆయనా మూత తీశారు. రెండో కేకూ కూలింది. "బాగుందమ్మా, దిబ్బరొట్టె!" అని మెచ్చుకుని వెళ్ళారు.

ఇక మైదా ఒక్కసారికే ఉంది. గుడ్లూ అంతే. పొద్దు వాలుతోంది. అప్పుడు వరాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్తా, తలుపు గడియ పెట్టేద్దామా?"

"ఈ ఊళ్ళో గడియ పెడితే లోపల ఎవరో పోయారని ఊరంతా దిగుతారే," అంది సుగుణత్త.

వరాలు మిగిలిన మైదా, గుడ్లు కలిపి, గిన్నెని ఇసుక మీద దింపి మూత పెట్టింది. తర్వాత సూరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. "పిన్నమ్మా, ఇది నర్సమ్మ కోసం. ఈ మూత నీది. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

మూత తనదంటే సూరమ్మకి సింహాసనం ఇచ్చినట్టే. కొంగు బిగించి కూర్చుంది.

మొదట ప్రెసిడెంటు గారు మళ్ళీ వచ్చారు. "దణ్ణం బాబూ, దూరం!" అంది. ఆ తర్వాత బస్సు డ్రైవరు చంటి, వాసన పట్టుకుని వచ్చాడు. "బస్సు నీది, మూత నాది. పోరా!" అంది. ఆ తర్వాత వెళ్ళొస్తానని చెప్పడానికి సలోమమ్మే వచ్చింది. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, "ఏం కూరమ్మా?" అంటూ చెయ్యి చాచింది. సూరమ్మ ఆ చేతి మీద ఠపీమని ఒక్కటిచ్చింది. తన నలుగురు పిల్లల్నీ పురిట్లో అందుకున్న చెయ్యి అది. కొట్టాక తనే బావురుమంది. మూత మాత్రం వదల్లేదు.

అప్పుడు సుగుణత్త, "ఇప్పుడు తియ్యవే వరాలూ," అంది.

వరాలు మూత తీసింది. కడిగిన కొత్త చీపురు పుల్ల గుచ్చి చూసింది. పొడిగా వచ్చింది. కేకు బంగారు రంగులో, గిన్నె అంచు దాటి పొంగి ఉంది.

నర్సమ్మని పీట మీద కూర్చోబెట్టి, మొదటి ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చింది వరాలు. "నన్ను బతికించావు కదా, అందుకని," అంది.

నర్సమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది. "అందరి ఇళ్ళలోనూ తిన్నానే తల్లీ," అంది. "నా కోసమని వండింది ఇదే." ఇంకో ముక్క తీసుకుంది. ఆ తర్వాత ఇంకోటి. పంచమని ఎవరూ అడగలేదు, ఆవిడా పంచలేదు.

చంటి బస్సులో హారన్ కొట్టకుండా కూర్చున్నాడు. ఆవిడ తిన్నంతసేపూ ఊరు ఊరంతా వాకిట్లో నిలబడి చూసింది. గరువుపాలెం నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

పిండి పొంగింది, బండి కదిలింది.
కథ కంచికి వెళ్ళింది, నిద్ర మనింటికి వచ్చింది.